‘కూలోళ్ళ కథలు పిల్లకెందుకు?’

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బీ వీసా మీద ఉన్నాం. పాపకి పదేళ్ళు, ఐదో తరగతి. హైదరాబాద్‌లో పుట్టింది, మూడేళ్ళప్పుడు ఇక్కడికి తెచ్చాం. బాబుకి ఐదేళ్ళు. స్కూల్లో పాప వాళ్ళ చేత ‘ఎస్పరాన్జా రైజింగ్’ అనే నవల చదివిస్తున్నారు. మెక్సికో నుంచి వచ్చి ఇక్కడి తోటల్లో కూలి పనికి చేరిన అమ్మాయి కథ. సమ్మె చేసినవాళ్ళని బస్సులెక్కించి దేశం దాటించే చోటు చదివిన రాత్రి నుంచి పాప సరిగ్గా నిద్రపోవడం లేదు. ‘మనల్ని కూడా పంపించేస్తారా?’ అని అడుగుతోంది. మా అత్తగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి అరవై ఏడేళ్ళు. వాళ్ళది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, కుడికాలవ కింద వ్యవసాయం. ‘ఈ కూలోళ్ళ కథలు పిల్లకెందుకు, హాయిగా పంచతంత్రం చదివించక’ అంటున్నారు. మనం ఫ్లైట్లో ఉద్యోగానికి వచ్చాం, వలస వచ్చినవాళ్ళం కాదని దానికి చెప్పమంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళని ఒకరిని ఇంటర్వ్యూ చేసి రాసుకురమ్మని టీచర్ హోంవర్క్ కూడా ఇచ్చారు. ఈ పుస్తకం మాన్పించమని అడగనా? ఇలాంటివి ఏ వయసుకి ఏవి ఇవ్వాలి? తెలుగులో ఏమైనా ఉన్నాయా? మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా తాత గుంపుమేస్త్రీ వెంట పోయి సాగర్ కట్ట మీద రాళ్ళు మోశాడని మా నాన్న చెప్పేవాడు. పాపకి ఎప్పుడూ చెప్పలేదు.
— ఒక తల్లి, ఫ్రీమాంట్

సమాధానం:

అమ్మా,

అసలు సంగతి మీరు ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. పాపకి నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి ముందు అది చూద్దాం.

పుస్తకం మాన్పించకండి. ఆ బస్సుల దగ్గర ఆపేస్తే పాప మనసులో బస్సులు అక్కడే నిలబడి ఉంటాయి. కథ ఇంకా ముందుకి పోతుంది, విడిపోయినవాళ్ళు మళ్ళీ కలుస్తారు. అక్కడిదాకా తీసుకెళ్ళండి. లైబ్రరీ నుంచి ఇంకో కాపీ తెచ్చుకుని మీరూ చదవండి. పడుకునే ముందు మాత్రం వద్దు, సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక, ఏదో ఒకటి తింటూ.

భయం పుస్తకంలోంచి వచ్చిందని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ‘గ్రీన్‌కార్డు ఐ-140 వచ్చిందా’, ‘వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తే ఇరుక్కుపోతామేమో’, ‘వాళ్ళ టీమ్‌లో సగం మందిని తీసేశారట’... మీ ఇంట్లో అన్నం తినేటప్పుడు నడిచే మాటలు ఇవే కదా. పిల్లలు టాబ్‌లో తలదూర్చి కూడా అన్నీ వింటారు. దాని టెన్షన్ ఎప్పటినుంచో ఉంది. నవలలో ఆ టెన్షన్‌కి ఒక బస్సు దొరికింది, అంతే.

అందుకని ‘ఛ, మనకలా ఎందుకవుతుంది’ అని కొట్టిపారేయకండి. ఒట్లు కూడా వేయకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. 1929 తర్వాత అమెరికాలో ఉద్యోగాలు కుప్పకూలిపోయాయి. ఉన్న కాసిని పనులు అమెరికన్లకే దక్కాలని మెక్సికన్లని లక్షల్లో వెనక్కి పంపారు. వాళ్ళలో ఇక్కడే పుట్టిన పౌరులు కూడా చాలామంది ఉన్నారు. అది తప్పేనని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పండి. పెద్దవాళ్ళు, అందులోనూ ప్రభుత్వాలు, తప్పు ఒప్పుకోవడం పిల్లలకి అరుదుగా కనబడుతుంది.

ఆ తర్వాత మీ ఇంటి లెక్క చెప్పండి. నాన్న ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులు టైం ఉంటుంది, ఆ లోపల ఇంకోటి వెతుక్కుంటాడు, దొరక్కపోతే సామాను సర్దుకుని హైదరాబాద్ వెళ్తాం, అక్కడ ఫలానా ఇంట్లో ఉంటాం, ఫలానా స్కూల్లో చేరతావు, నీ పుస్తకాలన్నీ నీతోనే వస్తాయి. పదేళ్ళ పిల్లకి కావలసింది ఇదే. చీకట్లో ఏముందో తెలిస్తే సగం భయం పోతుంది. ఈ మాటలు చెప్పేటప్పుడు మీ వారిని కూడా కూర్చోబెట్టండి. వీసా గురించి మాట్లాడ్డం ఆయన పని, నిద్రపుచ్చడం మీ పని అని పంచుకున్నట్టుంది చాలా ఇళ్ళలో.

ఇక ఫ్లైట్లో వస్తే వలస కాదన్న మాట. అత్తగారి తప్పేమీ లేదు. మన వాడుకలో వలస అంటే నెత్తిన మూట, చంకన పిల్ల. సూట్‌కేసుకి మనం ఆ మాట వాడం. అమెరికా వెళ్తే ‘సెటిల్ అయ్యారు’ అంటాం, బొంబాయి వెళ్తే ‘బతకబోయారు’ అంటాం.

కానీ పాపకి ఒక సంవత్సరం గురించి చెప్పండి. 1965 సెప్టెంబర్ 8న, మీ ఊరి నుంచి కారులో నాలుగు గంటలకి అటూ ఇటూ దూరంలో ఉన్న డెలానో దగ్గర, ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు పని ఆపేశారు. ఎనిమిది రోజులకి మెక్సికన్ కూలీలు వాళ్ళతో కలిశారు. ఆ సమ్మె ఐదేళ్ళు నడిచింది. 1970 జులైలో గాని తోటల యజమానులు ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. సరిగ్గా ఆ సమ్మె మొదలైన కొద్ది వారాలకే, 1965 అక్టోబర్ 3న, ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు ఇండియా మొత్తానికీ కోటా ఏడాదికి 100 మంది. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చి పడడానికి తలుపు తీసింది ఆ చట్టమే. దాని పేరు సాఫ్ట్‌వేర్ చట్టం కాదు, వలస చట్టం. అత్తగారితో వాదం పెట్టుకోకండి, పాపకి చెప్తే చాలు. ఆవిడా వింటుంది.

ఇప్పుడు ఆ నవల ఎలా చదవాలో చెప్తాను. ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. హైదరాబాద్‌లో మేం కొన్నేళ్ళు ఒక చిన్న పిల్లల లైబ్రరీ నడిపాం. ఒక ఆదివారం కూలి పనికి వలస వెళ్ళిన కుటుంబం కథ చదివి వినిపించాను. గొంతు బరువు చేసుకుని, ఆగి ఆగి, బాగా చదివాననే అనుకున్నాను. అపార్ట్‌మెంట్ పిల్లలంతా ‘పాపం’ అన్నారు. నాకు తృప్తిగా కూడా ఉంది. వెనక వరసలో పక్క సైట్ దగ్గర గుడిసెలో ఉండే అమ్మాయి లేచి, ‘పాపమెందుకక్కా? మా నాయిన సెంట్రింగ్ పని జేస్తడు. ఏడో అంతస్తు మీద చెక్కలు గొడ్తడు. మీకొస్తదా?’ అంది. నాకు రాదు. అక్కడున్న ఎవరికీ రాదు. ఆ రోజు నుంచి ఇలాంటి పుస్తకం చేతిలోకి తీసుకుంటే కన్నీళ్ళ సంగతి తర్వాత, ముందు ఇందులో పని కనబడుతోందా లేదా అని చూడడం అలవాటైంది.

పామ్ మున్యోజ్ రయాన్ రాసిన మీ పాప నవలలో పని కనబడుతుంది. అందుకే అది నాకు ఇష్టం. ఆవిడ తన అమ్మమ్మ జీవితం ఆధారంగా రాసింది. 1930లో కథ మొదలయ్యేటప్పటికి ఎస్పరాన్జా పెద్ద భూస్వామి కూతురు. ఇల్లు కాలిపోయి, ఆస్తి పోయి, బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఆర్విన్‌లో కూలీల క్యాంపుకి చేరుతుంది. అక్కడ మొదటి రోజుల్లో ఆ పిల్లకి చీపురు పట్టుకోవడం కూడా రాదు. తనకంటే చిన్న పిల్ల నేర్పుతుంది. ఆ పేజీ దగ్గర ఆగండి. పాప చేతికి చీపురివ్వండి, హాస్యానికి కాదు, నిజంగానే. తనే ఊడ్చుకుంటూ వెళ్ళే రోబో ఉన్న ఇంట్లో ఆ పేజీ అర్థం కాదు.

అధ్యాయాలకి పళ్ళు, కూరగాయల పేర్లు పెట్టింది రచయిత్రి. ద్రాక్ష, జామ, ఉల్లి, బాదం, బంగాళాదుంప... ఏ కాలంలో ఏ పంట పని ఉంటే అదే వాళ్ళ కాలెండర్. మీ ఫ్రిజ్ తెరిచి వాటిలో ఏవి ఉన్నాయో పాపని లెక్కపెట్టమనండి. ఆ డబ్బాల మీద ఊరి పేర్లుంటాయి. అవి మ్యాప్‌లో చూసుకోమనండి. పంతులమ్మలా మీరేం చెప్పక్కర్లేదు.

రెండు చోట్ల మాత్రం మాట్లాడండి. ఒకటి, మిగెల్ అనే కుర్రాడికి రైల్వేలో పని దొరికి, మళ్ళీ పోతుంది. ఓక్లహోమా నుంచి వచ్చినవాళ్ళు సగం కూలికే చేస్తామంటారు. ‘తప్పెవరిది?’ అని అడగండి. పాప ముందు ఓక్లహోమా వాళ్ళదే అంటుంది. ‘వాళ్ళూ ఆకలితో వచ్చారుగా, మరి సగం కూలికి చేయించుకుని మిగిలిన సగం ఎవరు దాచుకున్నారు?’ అని ఇంకో ప్రశ్న వేయండి. హెచ్-1బీ వాళ్ళు మా ఉద్యోగాలు తీసుకుంటున్నారన్న మాట రేపు స్కూల్లో ఎవరో అంటారు. ఆలోచించడానికి పాపకి ఈ ప్రశ్న పనికొస్తుంది. జవాబు ఇప్పుడే దొరకాలని లేదు.

రెండోది, ఏరు. మెక్సికోలో ఉన్నప్పుడు ఎస్పరాన్జా పాలేరు కొడుకు మిగెల్‌తో, మన మధ్య ఏరుంది, నువ్వు ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున అన్నట్టు మాట్లాడుతుంది. తర్వాత తనే ఆ ఒడ్డుకి చేరుతుంది. మన పల్లెల్లో ఏరు కూడా అక్కర్లేదు, ఊరికీ వాడకీ మధ్య దారి చాలు. ‘కూలోళ్ళు’ అనే మాటలో ఆ దారి ఉంది. పాప ఎప్పుడో ఒకప్పుడు దాన్ని కనిపెడుతుంది. పుస్తకంలో ముందు చూస్తే ఇంట్లో కనబడ్డప్పుడు గుర్తుపడుతుంది.

మిగతా పుస్తకాల సంగతి.

బాబుకి డోరీన్ క్రోనిన్ రాసిన ‘క్లిక్, క్లాక్, మూ’ ఇవ్వండి. కొట్టంలో చలిగా ఉంది, కరెంటు దుప్పట్లు కావాలని ఆవులు టైప్‌రైటర్ మీద ఉత్తరం రాస్తాయి. రైతు కుదరదంటాడు. ఆవులు పాలివ్వడం మానేస్తాయి. కోళ్ళు కూడా కలుస్తాయి. ఐదేళ్ళవాడికి సమ్మె, సంఘం, రాయబారం అన్నీ నవ్వుతూ అర్థమైపోతాయి. వాడు మర్నాడు మీకు ఒక డిమాండ్ల కాగితం ఇస్తే నా పూచీ లేదు.

అత్తగారికి షాన్ టాన్ ‘ద అరైవల్’. మీరు తప్పు చదవలేదు, అత్తగారికే. 2006లో వచ్చిన ఆ పుస్తకంలో ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. ఒక తండ్రి భార్యనీ కూతుర్నీ ఊళ్ళో వదిలి తెలియని దేశానికి వెళ్తాడు. అక్కడి అక్షరాలు రచయిత సొంతంగా కల్పించినవి, ప్రపంచంలో ఎవరూ చదవలేరు. జంతువులు, పళ్ళు, దారి బోర్డులు ఏవీ మనమెరిగినవి కావు. పోస్టర్లు అంటించే పని దొరికితే చదవడం రాక తలకిందులుగా అంటిస్తాడు. ఫ్రీమాంట్‌లో కాస్ట్‌కో బోర్డు చదవలేక, ఒక్కరే బయటికి వెళ్ళలేక ఇంట్లో కూర్చునే పెద్దావిడకి ఆ పుస్తకం మీకంటే, నాకంటే బాగా అర్థమవుతుంది. ఇంగ్లీష్ అక్కర్లేదు కాబట్టి మనవరాలికి ఆవిడే కథ చెప్పొచ్చు. ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్ళిపోండి.

పాపకి ఈ నవల అయ్యాక డాన్ మబలోన్, గేల్ రొమసాంటా రాసిన ‘జర్నీ ఫర్ జస్టిస్’ తెచ్చివ్వండి. డెలానో సమ్మె అనగానే పిల్లల పుస్తకాల్లో మెక్సికన్ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ ఒక్కడే ఉంటాడు. ముందు పని ఆపింది ఫిలిపినోలు. వాళ్ళ నాయకుడు లారీ ఇట్లియాంగ్ 1929లో పదిహేనేళ్ళప్పుడు అమెరికా వచ్చాడు, అలాస్కాలో చేపల క్యానరీ పనిలో చేతి వేళ్ళు మూడు పోగొట్టుకున్నాడు. ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లని, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలని పనిలోకి దింపడం యజమానులకి అలవాటు. మీరు రాకపోతే మా సమ్మె నిలవదని చావెజ్ దగ్గరికి వెళ్ళి అడిగింది ఇతనే. పిల్లల పుస్తకాల మీద నాకున్న ఒక పెద్ద ఫిర్యాదు ఇక్కడే. ఒక మహానుభావుడు వచ్చాడు, అందరినీ ఉద్ధరించాడు అని రాస్తే చదవడానికి సులువు. వేలమంది ఐదేళ్ళు కూలి లేకుండా ఎలా తిన్నారో, ఎవరు వండారో రాయడం కష్టం. పాప చేత ఆ రెండో ప్రశ్న అడిగించండి.

ఉమా కృష్ణస్వామి ‘స్టెప్ అప్ టు ద ప్లేట్, మరియా సింగ్’ కూడా పాప వయసుకి సరిపోతుంది. 1945లో యూబా సిటీలో పంజాబీ నాన్న, మెక్సికన్ అమ్మ ఉన్న పిల్ల కథ. నాన్న వ్యవసాయం చేస్తాడు గాని ఆయన పేరు మీద భూమి ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు. ఇండియా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళంతా లాప్‌టాప్ పట్టుకునే వచ్చారనుకునే పిల్లలకి ఇది అవసరం. బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిల 1909 న్యూయార్క్ సమ్మె మీద మిషెల్ మార్కెల్ ‘బ్రేవ్ గర్ల్’ అని బొమ్మల పుస్తకం రాసింది. అందులో బొమ్మలకి గుడ్డముక్కలు, కుట్లు వాడారు. అదీ బాగుంటుంది.

పంచతంత్రం గురించి అడిగారు. చదివించండి. దానికీ దీనికీ పోటీ ఎందుకు?

తెలుగులో ఉన్నాయా అంటే, ఈ పుస్తకాల అర పలచగానే ఉంది. మన చరిత్రకి తక్కువేం లేదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి మనవాళ్ళు ఎంతమందో అక్కడి చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళారు. మారిషస్‌లో ఈనాటికీ ఉగాది ప్రభుత్వ సెలవు. రంగూన్‌లో ఓడల మీద బస్తాలు మోసిన తెలుగువాళ్ళని కోరంగి రేవు పేరు మీద కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాన్ బాంబులకి భయపడి అడవుల్లో నడిచి వచ్చారు వాళ్ళు. నవలకి కావలసినంత కథ ఉంది. పిల్లల కోసం రాసినవాళ్ళు తక్కువ. పనుల మీద గౌరవం కలిగేలా కంచ ఐలయ్య ఇంగ్లీషులో ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్’ అని పిల్లల కోసం రాశారు. చర్మం శుద్ధి, కుండలు, నేత, చాకిరేవు, క్షవరం ఒక్కో పనిలో ఎంత విద్య ఉందో అందులో ఉంటుంది. దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. పాపకి ఇంగ్లీషే సులువు కాబట్టి అదే తెప్పించండి. చిన్న చిన్న తెలుగు కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ చూడండి, ఉచితం.

ఇప్పుడు మీ తాత.

ఆయన రాళ్ళు మోసిన సంగతి పాపకి ఎందుకు చెప్పలేదో మీరు రాయలేదు. రాయకపోయినా తెలుస్తూనే ఉంది. పెళ్ళి మాటలప్పుడు ‘తాతగారు సాగర్ ప్రాజెక్టులో పనిచేశారు’ అని చెప్పి ఉంటారు. అబద్ధం కాదు. ఆ ‘ప్రాజెక్టు’ అనే మాట వెనక రాళ్ళు కనబడవు.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అసలు కట్ట రాతి కట్టడం. అంత ఎత్తుకి రాయి, మాలు మోసింది మనుషులు. తట్టలు, చుట్టకుదుళ్ళు, కర్రలతో కట్టిన సారవలు. పాలమూరు, అంటే మీ మహబూబ్‌నగర్ కూలీలు లేని డ్యాం మన దేశంలో వెతకాలి. మేస్త్రీ ముందు అడ్వాన్స్ ఇస్తాడు, ఆ బాకీ తీరేదాకా గుంపు కదలదు. మీ పాప నవలలో కూలీల క్యాంపుకీ, మేస్త్రీ గుడిసెల వరసకీ ఎంత పోలిక ఉందో మీ నాన్న రెండు మాటలు చెప్తే పాపకే తెలుస్తుంది. డెలానోలో ఫిలిపినోలు పని ఆపిన 1965లో సాగర్ పని ఇంకా నడుస్తూనే ఉంది. మీ తాత ఆ ఏడు అక్కడున్నాడేమో కనుక్కోండి.

ఇంటర్వ్యూ మీ నాన్నతోనే చేయించండి, ఫోన్లో, స్పీకర్ పెట్టి. మీరు పక్కన ఉండి తర్జుమా చేయండి గాని సర్దకండి. ఆయన మీ జిల్లా మాటల్లోనే మాట్లాడాలి. ప్రశ్నలు పాప రాసుకోవాలి. ‘కష్టంగా ఉండేదా?’ లాంటివి వద్దని చెప్పండి, వాటికి ‘ఆఁ’ తప్ప జవాబు రాదు. అడ్వాన్స్ ఎంత? మేస్త్రీ పేరేంటి? ఊరి నుంచి ఎలా వెళ్ళారు? జ్వరమొస్తే ఆ రోజు కూలి ఇచ్చేవాడా? ఏం తినేవాళ్ళు? ఆడవాళ్ళకి కూలి ఎంత, మగవాళ్ళకి ఎంత? ఎవరైనా పడిపోతే ఏం చేసేవాళ్ళు? నాన్నకి తెలియనివి కొన్ని ఉంటాయి, అవి ఖాళీగా వదిలేయమనండి.

ఇంకొక్కటి. మీరు ఒకే ఉత్తరంలో రెండు ముక్కలు రాశారు, రెంటినీ కలిపి చూసుకున్నారో లేదో. అత్తగారి పొలం కుడికాలవ కింద ఉందన్నారు. నరసరావుపేట వైపు కుడికాలవ అంటే సాగర్ కుడికాలవే. మీ తాత మోసిన రాళ్ళ వెనక ఆగిన నీళ్ళే ఆ పొలానికి వెళ్ళాయి. దీన్ని అత్తగారి మీద గెలుపుగా మాత్రం వాడకండి, ఆవిడ నొచ్చుకుంటే అసలు కథ పోతుంది. టీచర్ ఒక్కరినే అడగమన్నా పాప చేత ఇద్దర్నీ అడిగించండి, ముందు మీ నాన్నని, తర్వాత నాయనమ్మని. కాలవలకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ. అత్తగారికి అప్పుడు ఎనిమిది, తొమ్మిదేళ్ళు ఉంటాయి, ఇప్పటి మీ పాప కంటే ఒకటి రెండేళ్ళు చిన్న. మీ ఊరి కాలవలోకి మొదటిసారి నీళ్ళొచ్చినప్పుడు చూడ్డానికి వెళ్ళారా నాయనమ్మా, ఎవరెవరు వెళ్ళారు అని పాపని అడగమనండి. ఆవిడ చెప్పింది, మీ నాన్న చెప్పింది ఒకే కాగితం మీద రాయించండి, పైన కట్ట, కింద కాలవ.